దువ్వెన ముందు దాని చేతికియ్యి

ఆళ్లగడ్డ.

చెల్లెలు ఎస్తేరుకు,

ఫోన్లో మాట్లాడటం నాకు చేతకాదు. అందుకే ఈ ఉత్తరం రాసి మీ ఆయన చేతికిచ్చి నంద్యాలకు పంపుతున్నాను.

ఆసుపత్రిలో నీకు వైద్యం జరిగిన ఏడాదంతా నీ బిడ్డ షారోను నా దగ్గరే పెరిగింది. ఇప్పుడు ఇంటికొచ్చినా నీ దగ్గరికి రావడం లేదట. జుట్టు ఊడిన తల చూస్తే ఇంకా భయపడుతుందేమోనని నువ్వు రోజంతా గుడ్డ కట్టుకునే ఉంటున్నావట.

ఆ గుడ్డ తీసెయ్యమ్మా. జుట్టు లేని తల దానికి కొత్త కాదు. రోజూ పొద్దున నేను అంగడి లెక్క రాసుకుంటుంటే, వెనక నిలబడి నా బట్టతలకు నూనె రాసి దువ్వేది. నూనె చుక్కలు పుస్తకం మీద పడేవి. కదిలితే గదమాయించేది: "ఏందీ మామా, ఊరికే ఊగుతాండావ్? జడ చెడిపోతాది!"

ఒక ఆదివారం చెవి పక్కనున్న నాలుగు వెంట్రుకలకు ఎర్ర రబ్బరు బ్యాండు వేసింది. నేను మరిచిపోయి అట్లే చర్చికి పోయాను. పాస్టరుగారికి ప్రార్థన మధ్యలో నవ్వు ఆగలేదు.

నా జడ అయ్యాకే తన తల నాకు అప్పగించేది. నువ్వూ దాని ముందు కింద కూర్చుని దువ్వెన చేతికియ్యి. ఏమీ అడగొద్దు.

ఇక వైద్యం చేసినా లాభం లేదు, ఇంట్లోనే ఉండమని డాక్టరు అన్నట్టు మీ ఆయన చెప్పాడు.

ఈ ఆదివారం వస్తానని షారోనుకు మాటిచ్చాను గానీ రాను. నన్ను చూస్తే నా వెంట వచ్చేస్తానంటుంది. మామ రాలేదని ఏడిస్తే, నువ్వే ఎత్తుకో.

మీ అన్న