తిడితే తన్నే బిడ్డ

గర్భిణుల హాస్టలు నర్సు మెర్లిన్‌కు, సోని అమ్మమ్మ చెప్పి రాయిస్తున్న ఉత్తరం.

గట్టిగా అరుస్తున్నానని, మిగతా ఆడపిల్లలకు నిద్ర లేకుండా చేస్తున్నానని నన్ను ఇంటికి పంపేశావు. నిజమే తల్లీ, అరిచాను. కానీ నా మనవరాలి కడుపులో ఉన్నది గుంటో గుంటడో గాని, నా కేక వింటేనే గెంతుతుంది. మా తోటలో కాఫీ పళ్లు కోసేవాళ్లను నేను కేకలేస్తుంటే, పక్కనున్న సోని కడుపులో అది థింసా నాట్యం ఆడేది.

నిన్న సోని ఫోన్లో ఏడ్చింది. "అమ్మమ్మా, పొద్దుట్నుంచి సరిగ్గా కదల్నేదే" అంది. డాక్టరమ్మ చూసి బిడ్డ బాగానే ఉందని చెప్పినా దాని భయం పోలేదు.

"ఫోను పొట్ట మీద ఎట్టే" అన్నాను. "ఏటా మొద్దు నిద్ర? లెగు బేగి!" అని తిట్టాను. వెంటనే తన్నిందట. నువ్వు కూడా చెయ్యి పెట్టి చూసి నవ్వావట.

నువ్వు "బంగారం, బుజ్జీ" అని పిలిస్తే ఇంకా హాయిగా పడుకునే రకం తల్లీ అది. భయస్తురాలు నా సోని. కాన్పయ్యేదాకా నన్ను దాని పక్కన ఉండనియ్యి. ఈ ఉత్తరం ఇవాళ్టి జీపులో పంపుతున్నాను, రేపు మొదటి జీపుకే నేనూ వస్తున్నాను. గేటు దగ్గర ఆపావో, అక్కణ్నుంచే కేకేస్తాను. నన్ను లోపలికి రానిచ్చేదాకా అది తంతూనే ఉంటుంది.