పేరు చెప్పి అనే మాట

నేను మరియమ్మను, డెబ్బై ఎనిమిదేళ్లదాన్ని, తెనాలిలో కూతురు సునీతతో ఉంటూ, చనిపోయిన నా పెనిమిటి మీకు ఈ ఉత్తరం చెప్పి రాయిస్తున్నాను. మీరు చదివించిన ఆ పిల్లే ఇప్పుడు బాపట్ల వ్యవసాయ కాలేజీలో లెక్చరర్. రేపల్లె ఉప్పునేలల్లో వరి గురించి తను పత్రికకు రాసి పంపిన వ్యాసాన్ని, పేరు చెప్పని పెద్దలెవరో పనికిరాదని తిప్పి పంపారు. ఆ వారమే ఆ పత్రిక నుంచి ఇంకెవరిదో వ్యాసం, చదివి మంచిచెడ్డలు చెప్పమని తనకొచ్చింది.

"నేనూ కొట్టిపారేస్తానమ్మా. కొట్టేసింది నేనని ఎవరికి తెలుస్తుంది?" అంది.

"నీకు తెలుస్తుందిగా? మీ నాన్న చర్చి మీటింగులో ఒకరి తప్పు ఎంచాలంటే లేచి నిలబడి, ముందు తన పేరు చెప్పేవారు" అన్నాను.

మీరు గుడ్డ చుట్టి వదిలేసిన వంటింటి కుళాయిని నిన్న తనే విప్పి బిగించింది. ఇప్పుడు చుక్క కారడం లేదు. ఆ ఊపులోనే కూర్చుని, ఆ వ్యాసానికి ఓపిగ్గా సలహాలు రాసి, పేరు దాచుకోవచ్చని పత్రికవాళ్లన్నా కింద తన పేరు పెట్టింది. మీ పెంపకానికి దణ్ణమండి.

ఇది మరియమ్మ వేలిముద్ర.

సాక్షులు: రాసిపెట్టిన పక్కింటి రత్నం, కుళాయి బిగించిన సునీత.