సర్పంచ్‌గా అమ్మ

నాయినా,

నిన్న సాయంత్రం మన స్కూల్లో పంచాయతీ ఓట్లు లెక్కపెట్టారు. అమ్మ సర్పంచ్‌గా గెలిచింది. ఈ మాట ముందు నీకు కాక ఇంకెవరికి చెప్పాలి?

నువ్వు భూగర్భ గనిలోకి దిగిన రోజుల్లో కార్మికవాడంతా ఒక్క మాట మీద ఓటేసేది. గని మూతపడ్డాక పర్మినెంటు కార్మికులు వెళ్లిపోయి వాడ చెదిరిపోయింది. మిగిలినవాళ్లు ఎవరి కులానికి వాళ్లు ఓట్లు వేసుకున్నారు. బొగ్గు లారీల కాంట్రాక్టరు రెండుసార్లు సర్పంచ్ అయ్యాడు. రెండోసారి ఆ కబురు విని నువ్వు అన్నం ముందు నుంచి లేచిపోయావు.

నువ్వు పోయాక అమ్మ పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో ఊడ్చే పనికి, ఆ కాంట్రాక్టరు కిందే చేరింది. ఈసారి ఊడ్చే ఆడవాళ్లు, లారీ డ్రైవర్లు, పామాయిల్ తోటల కూలీలు కలిసి ఆమెను నిలబెట్టారు.

"పర్మినెంటోళ్లు లేకపోతే ఏంది? పని చేసేటోళ్లం మనం లేమా?" అని అమ్మ ఇంటింటికీ తిరిగింది.

ఆమెను పనిలోంచి తీసేస్తానని కాంట్రాక్టరు బెదిరించాడు. "మమ్మల్ని గూడ తీసెయ్, బొగ్గు నువ్వే మోసుకో" అన్నారు డ్రైవర్లు. ఒక్కరూ వెనక్కి తగ్గలేదు.

గెలుపు ప్రకటించగానే, ఇన్నాళ్లూ ఆమెను "ఏయ్" అని పిలిచిన సూపర్‌వైజరు దగ్గరికొచ్చాడు. "సర్పంచ్ గారూ, రేపు డ్యూటీకి వస్తరా?" అని అడిగాడు.

"రాను" అంది అమ్మ. "రేపు పంచాయతీ ఆఫీసుల ఉంట. గనిల బాంబులు పేల్చి మా ఇండ్ల గోడలు పగలగొడుతున్నరు గదా, మీ సార్లను ఆడికి రమ్మను. మీ ఆఫీసు బయట మమ్మల్ని నిలబెట్టినట్టు నిలబెట్టను, కుర్చీలు వేయిస్త."

స్కూలంతా ఈలలతో మోగిపోయింది. ఉండి ఉంటే అందరికంటే ముందు నువ్వే ఈల వేసేవాడివి.

నీ బిడ్డ