రాగి రేకు మీది వెన్నెల

టోవా పాయో, సింగపూర్,
28 ఆగస్టు 2024.

చిరంజీవి పునీతకు కమలం పిన్ని దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. వుడ్‌ల్యాండ్స్‌లో నువ్వూ కులాసాగా ఉన్నావని రాయాలంటే మాత్రం చెయ్యి రావడం లేదు.

మీ కన్నయ్య బాబాయి మోకాలు నొప్పంటూనే రోజూ కింద హాకర్ సెంటర్‌లోని కాఫీ కొట్టు దాకా నడిచి కోపి తాగి వస్తున్నారు. ఫోన్‌లో మెసేజ్ పెడితే నువ్వు చదివావో లేదో అని చూస్తూ కూర్చోవాలి. అందుకే కాగితం పట్టుకున్నాను.

శనివారం నీ అచ్చు ప్రెస్సు ఎవరికో ఇచ్చేస్తున్నావట. మొన్న ఫోన్‌లో, "రాగి రేకుతో ఏడు ప్రింట్లు తీశాను పిన్నీ, ఏడూ పాలిపోయాయి. నా చెయ్యి పోయింది," అని ఏడ్చావు. నేనేమన్నాను? యాభై దగ్గరపడుతున్నాయి, కాస్త విశ్రాంతి తీసుకోమన్నాను. ఆ మాట అన్న నోటికి ఇప్పటిదాకా అన్నం సయించలేదు.

హాలండ్‌లో చదివేటప్పుడు నువ్వు కొనుక్కున్న ఆ పాత రాగి రేకు! నూట యాభై ఏళ్ల కిందట ఎవరో డచ్చాయన సూదితో గీసిన పల్లె. కాలవ, రెండు ఆవులు, పైన చంద్రుడు. సూది గీసిన చోట లేచిన రాగి నూగే సిరాను పట్టి ఉంచుతుందని, ఆ బొమ్మలోని రాత్రంతా ఆ నూగులోనే ఉందని చెప్పేదానివి. ఊ కొట్టానే గానీ నేను చెవికెక్కించుకోలేదు. నువ్వు అరచేత్తో సిరా తుడిచి, గుడ్డ కొసతో చంద్రుణ్ణి తెల్లగా తేలుస్తుంటే మాత్రం నోరు తెరుచుకుని చూసేదాన్ని. నా పుట్టినరోజుకు నువ్వు తీసిచ్చిన ప్రింటు మా భోజనాల బల్ల పైనే ఉంది. అందులో చీకటి ఎంత మెత్తగా ఉంటుందో. దాని ఎదుట కూర్చోలేక కంచం వంటింట్లోకి తీసుకెళ్తున్నాను.

ఆ ప్రింటును ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ప్రెస్సు ఇవ్వకు తల్లీ.

నీ ముందు తలెత్తుకోలేని
పిన్ని కమలం

తా.క.: వరలక్ష్మీ వ్రతానికి నువ్వు జొహోర్ వెళ్తే మీ ఇంట్లో నేనున్నాను కదా. పూజ చెంబులు తోముతూ, నీ బల్ల మీద నల్లబడ్డ ఆ రాగి రేకు చూశాను. పాపం పిల్లకి తీరిక లేదనుకుని, చింతపండూ ఉప్పూ వేసి కొబ్బరి పీచుతో అద్దంలా తోమాను. ఇంత మెరుస్తోందేమని నువ్వడిగితే, ముట్టుకోవద్దన్నావని గుర్తొచ్చి, ఉత్త గుడ్డతో తుడిచానని అబద్ధమాడాను. నువ్వు ఏడ్చిన రోజు నాకు సంగతి అర్థమైంది. అయినా నోరు మెదపలేదు. నీ చేతికేమీ కాలేదు పునీతా. ఆ నూగుతో పాటు ఆ రాత్రిని నేనే తోమేశాను. తిట్టడానికైనా ఫోన్ చెయ్యి.