కోతకి ముందే

నాన్నా,

రేపు నీ సంవత్సరీకం. ఈ రోజు పొద్దున్న మొదటి బస్సులో రామచంద్రపురం నుంచి కోర్టు అమీను వచ్చాడు, మన ఎకరం మనకి అప్పగించడానికి. నువ్వు కోర్టు వేలంలో పాడుకుని, ఒక్కసారి కూడా దున్నకుండానే వెళ్ళిపోయిన ఎకరం.

గట్టు మీద నన్ను చూసి, "మగవాళ్ళెవరూ రాలేదా అండి?" అన్నాడు.

"ఆర్డరు నా పేరు మీదే ఉందండి," అన్నాను.

చేను పండి వంగి ఉంది. పాత యజమాని సూర్రావు గారు ఎదురొచ్చి, అప్పుడు నీకు చెప్పిన మాటే నాకూ చెప్పారు. "కోత కోసుకోనివ్వమ్మా. ఆ తర్వాత మేమే వదిలేస్తాం. మీ నాన్నగారు కాదన్లేదు."

నువ్వు ఆ మాట నమ్మి అమీనుని వెనక్కి పంపేశావు. కోత అవగానే ఆయన మళ్ళీ నాట్లు వేయించారు. మళ్ళీ పిటిషను, మళ్ళీ వాయిదాలు. నీ మంచితనం మీద నాకు ఇంకా కోపం తగ్గలేదు.

"ముందు అప్పగింత కానివ్వండి. కోత సంగతి తర్వాత నేను చెప్తాను," అన్నాను.

అమీను డప్పు వేయించాడు. నాలుగు హద్దులూ నాతో నడిచి, అప్పగింతకి గుర్తుగా రెండు వరి కంకులు తెంపి నా చేతిలో పెట్టాడు. కాగితం మీద సంతకం చేశాను. అప్పుడు చెప్పాను సూర్రావు గారికి, ఈ పంట మీదే, కోసుకోండని. నీకంటే తక్కువేమీ ఇవ్వలేదు నాన్నా, వరస మార్చానంతే.

ఆయన గట్టు దిగబోయి ఆగారు. ఇన్నేళ్ళూ ఆ చేను తనదే అన్నట్టు మసిలిన మనిషి, తల దించుకుని అడిగారు.

"కోతకి ఎప్పుడు రమ్మంటావమ్మా?"