మూడో స్వరం, ఏడో స్వరం

జూన్ 2, సోమవారం
ప్రొద్దుటూరు స్కూలు నుంచి ఫోన్. కీబోర్డ్ టీచరు కావాలట. పదకొండున వచ్చి వాయించి చూపించాలి. చర్చిలో పదేళ్లుగా వాయిస్తున్నానని చెప్పాను. "అది సరేమ్మా, ఈసారి జాజ్ గూడా నేర్పిస్తామని బోర్డు పెట్టేసినాం. లీడ్ షీట్ చూసి వాయిస్తావా?" వాయిస్తానన్నాను. అదేమిటో ఫోన్ పెట్టేశాక వెతికాను.

జూన్ 3
నెట్ సెంటర్లో ఒక లీడ్ షీట్ ప్రింటు తీయించాను. కుడిచేతికి ఒక్క వరుస పాట... దాని పైన కార్డ్‌ల, అంటే కలిపి నొక్కే స్వరాల గుంపుల, పేర్లు మాత్రం — డీ మైనర్ సెవెన్, జీ సెవెన్. ఎడమచేయి ఏం చేయాలో ఎక్కడా లేదు. మనమే పూరించుకోవాలట. కీర్తనల పుస్తకంలో ప్రతి స్వరమూ రాసే ఉంటుంది.

జూన్ 4
రాత్రి బ్యాంకు నుంచి వచ్చిన మా ఆయన ప్రభాకర్‌కు అన్నం పెడుతూ సంగతి చెప్పాను. "నువ్వు పోతే నాయన్ని ఎవురు చూసుకుంటారు? బ్యాంకు ఇడిసిపెట్టి పులివెందుల నుంచి నేను రావాల్నా?" కోపంగా అనలేదు.

జూన్ 6
మామకు స్నానం, మందులు, జావ. మధ్యలో ఇరవై నిమిషాలు. ఎడమచేత్తో ఒకటి, మూడు, అయిదు, ఏడు — నాలుగు స్వరాలూ ఒకేసారి నొక్కాను. అన్నీ కలిసి బురదలా వినిపించింది. మొదటిది వద్దు, అయిదోది వద్దు, మూడోదీ ఏడోదీ చాలంటాడు ఫోన్‌లో నేను చూసే వీడియోలో పాఠం చెప్పే ఆయన. వేళ్లు వినవు. పక్షవాతంతో మాట పడిపోకముందు నాకు నేర్పింది మామే. నలభై ఏళ్లు ఇదే చర్చిలో ఆర్గాన్ వాయించిన మనిషి. "ఒక్కటి గూడా వదల్గూడదు పాపా" అనేవారు.

జూన్ 8, ఆదివారం
మామ వీల్‌చెయిర్‌ను కీబోర్డ్ పక్కకు లాక్కుని కూర్చున్నాను. మళ్లీ అదే డీ మైనర్ సెవెన్. పక్షవాతం తగలని ఆయన చేయి వచ్చి నా చేతి మీద పడింది. చిటికెనవేలు పట్టుకుని పైకి లేపారు. తరువాత చూపుడువేలు. మూడోది, ఏడోది మిగిలాయి. ఎంత తేటగా... "ఇట్లనేనా మామా?" అన్నాను. నా చేతిని మొత్తంగా తోసేసి ముఖం గోడకు తిప్పుకున్నారు.
నేర్పించారా? ఆపమన్నారా?

జూన్ 9
పట్టు చిక్కింది. డీ నుంచి జీకి పోవడానికి ఒక్క బొటనవేలు కదిలితే చాలు. అంతలోనే ఊరు మారినట్టుంటుంది. నేను మాత్రం ఈ రెండు గదుల్లోనే.

జూన్ 10
ఆడబిడ్డ సునీత రేపు కమలాపురం నుంచి వచ్చి మామ దగ్గర ఉంటానంది. సాయంత్రం మళ్లీ ఫోన్. "పాపకు జరమొచ్చింది వదినా, ఏమనుకోవాకు."

జూన్ 11
పక్కింటి ఖైరున్ అక్క తలుపు తట్టాను. "రెండు గంటలే గదా, నేను కూసుంటాలే. పో."
ప్రొద్దుటూరులో నా వంతు వచ్చేసరికే మధ్యాహ్నం. ఎన్నడూ చూడని షీటు ఇచ్చారు. రెండేసి స్వరాలతో చివరిదాకా లాక్కొచ్చాను. ఒకచోట తప్పాను. "రేపే స్కూలు తెరిచేది, వచ్చేయమ్మా" అంది స్కూలు మేడమ్.
ఇంటికొస్తే ప్రభాకర్ ఉన్నాడు. మామ మంచం మీంచి జారిపడ్డారట... ఒక్కతే లేపలేక ఖైరున్ అక్క ఆయనకు ఫోన్ చేసిందట. మోచేయి చెక్కుకుపోయింది. మందు రాశాను. మామ మేలుకునే ఉన్నారు, కళ్లు మాత్రం తెరవలేదు.
"వాయించినావా?" అన్నాడు ప్రభాకర్.
"ఊ."
"ఏమన్నారు?"
అన్నం వడ్డించాను. చారు పోశాను. పొద్దున ఏడున్నరకు ప్రొద్దుటూరు బస్సు.