బతికున్నవాళ్ళ కొవ్వొత్తి

చిరంజీవి కోడలు హెండెల్‌ను దీవించి అత్త గ్నెండెల్ రాసేది. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం బాగున్నామని మొదట రాయాలి కాబట్టి రాస్తున్నాను. అక్కడ ప్రాగ్‌లో నువ్వూ, నీ యజమానురాలూ, ఆ ఇంటి పిల్లలూ క్షేమమని తలుస్తాను. నిలబడి చదువుతుంటే కూర్చో.

నీ కాలి పుండు మానిందా? చన్నీళ్ళలో నిలబడి బట్టలు ఉతకొద్దంటే వినవు. పుండు ఎముకదాకా పోతే కాలే పోతుంది, నాకు అదే ఆలోచన. మేక సంగతి అడిగావు. ఈనింది, పిల్ల దక్కలేదు. పైకప్పు కారుతూనే ఉంది. మన యూదుల మందిరంలో ఆడవాళ్ళ గదిలో ఇంకా నేనే ప్రార్థన చదివి చెబుతున్నానా అని అడిగావు. నేనే. కళ్ళు ఆనకపోయినా సగం నోటికి వచ్చు. నేనొక ముక్క అంటే వాళ్ళు నా వెనకాల అంటారు.

ఇక ఆ చేతితొడుగులు కుట్టే ఆయన. భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు, పస్కా పండుగ దాకా ఆగుతానన్నాడు అని రాశావు. ఇన్నేళ్ళుగా జాడలేని ఫైవల్ గురించి ఎవరైనా కబురు తెచ్చారా, మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని ధర్మసభ ఇప్పటికైనా అంటుందా అని అడిగావు. ఆ మాటకే వస్తున్నాను, అందుకే ఇంతసేపు మేక గురించి రాశాను.

కబురు వచ్చింది. నీ మొగుడు, నా కొడుకు, పోయాడమ్మా. స్వీడన్ సేనలు వచ్చిన ఏడు సరుకు మూట భుజాన వేసుకుని వెళ్ళాడు చూడు, ఆ చలికాలమే పోయాడు. దోబ్రిష్ అని, బాతు ఈకలు అమ్ముకుంటూ ఊళ్ళు తిరిగే మనిషి, జబ్బుపడి మన బీదల సత్రంలో చేరి నన్ను పిలిపించింది. లెష్నో దారిలో మంచులో బిగుసుకుపోయి ఉంటే ఆమెతో వచ్చిన బండివాళ్ళే పూడ్చారట. అంతకు ముందు సంతలో వాడు తన పేరూ, నా పేరూ, ఊరూ చెప్పాడట. వాడి ఎడమ చిటికెనవేలు వంకర అని నేను అడగకముందే ఆమే అంది. తెల్లవారేసరికి ఆమె కూడా కన్నుమూసింది.

నమ్ముతావో లేదో, ఏడవడానికి ముందు నిన్నే తలుచుకున్నాను. ధర్మసభలో తీర్పు చెప్పే రబ్బీ దగ్గరికి పరుగెత్తాను.

"ఈ మాట ఇంకెవరైనా విన్నారా?" అన్నాడు రబ్బీ.

"నేనొక్కదాన్నే విన్నాను."

"అయితే చెల్లదమ్మా."

"ఆడదాని మాట కూడా చెల్లుతుందంటారు కదయ్యా, ఇలాంటి వాటిలో."

"చెల్లుతుంది. దాసీది వచ్చి చెప్పినా చెల్లుతుంది. అత్త చెబితే చెల్లదు. కోడలంటే గిట్టక, దాని బతుకు చెడాలని అబద్ధమాడుతుందని పెద్దలు ఎప్పుడో తేల్చారు."

"కొడుకు చచ్చాడని ఏ తల్లి అబద్ధమాడుతుందయ్యా?"

పక్కన రాసుకునేవాడు, "మా అమ్మయితే ఆడుతుంది, మా ఆవిణ్ణి చూస్తే," అని నవ్వాడు.

హెండెల్, నా దగ్గరున్న ఆడవాళ్ళ ప్రార్థనల పుస్తకం అరిగిపోయేదాకా చదివాను. పిండి ముద్ద తీసి నిప్పులో వేసేటప్పుడు ఏమనాలో అందులో ఉంది. నొప్పులు పడేటప్పుడు ఏమనాలో, పిల్లాడికి జ్వరం వస్తే ఏమనాలో ఉంది. అత్త నోటికి విలువ లేదని మాత్రం లేదు. అది మగవాళ్ళు చదివే భాషలో రాసిపెట్టుకున్నారు. మనకు చెప్పడం అవసరమనుకోలేదు.

నన్ను ఆచారం ప్రకారం ఏడు రోజులు నేలమీద కూర్చుని ఏడవనివ్వలేదు. నేను కూర్చుంటే నీకు విడుదల దొరికిందని ఊరు అనుకుంటుందట.

ప్రాయశ్చిత్త దినం ముందు ఎప్పటిలాగే వత్తులు వేయడానికి కూర్చున్నాం. సమాధుల చుట్టూ కొలిచి తెచ్చిన నూలు నా ఒళ్ళో ఉంది. పేరు చదివి ఒక్కో పోగు వేస్తున్నాను, పోయినవాళ్ళది ఒక కొవ్వొత్తికి, బతికున్నవాళ్ళది ఇంకో కొవ్వొత్తికి. ఫైవల్ పోగు పోయినవాళ్ళ వైపు పెట్టాను. సంఘం పెద్ద భార్య మీరెల్ నా మణికట్టు పట్టుకుంది.

"అటెక్కడ పెడుతున్నావు గ్నెండెలక్కా? ధర్మసభ బతికున్నాడంటే నువ్వు చంపుతావా?"

"నా కొడుకే తల్లీ."

"నీ కొడుకే, హెండెల్ మొగుడు కూడా. నువ్వు ఇవాళ అటు పెడితే రేపు అది పీటలెక్కుతుంది. మొగుడుండగా దానికి పుట్టే బిడ్డల్ని ఎవరు చేసుకుంటారు?"

"వరుణ్ణి కూడా అత్తగారే చూసిందేమోలే," అని వెనక ఎవరో అన్నారు. నవ్వారు.

పోగు తీసి బతికున్నవాళ్ళ వైపు పెట్టాను. మీరెల్ ఇంకా చూస్తూనే ఉంది, అందుకని చదివాను కూడా. నా కొడుకు ఫైవల్‌కు నిండు ఆయుష్షు ఇవ్వు తండ్రీ, చలి తగలకుండా కాపాడు, ఈ ఏడు ఇంటికి చేర్చు. అందరూ ఆమెన్ అన్నారు.

ఇంతవరకూ రాసి ఆపేద్దామనుకున్నాను. నీకు చెప్పకపోతే ఇంకెవరో చెబుతారు, అదీ భయమే.

దోబ్రిష్ "నీ కొడుకు సంగతి" అని నోరు తెరిచినప్పుడు సత్రం చూసుకునే ష్ప్రింట్సా గంజి గిన్నెతో గుమ్మంలోనే ఉంది. లోపలికి రానా అంది. వాడు మన మతం విడిచి బాప్తిస్మం తీసుకున్నాడేమో, ఎక్కడో ఇంకో ఆడదాన్ని పెట్టుకున్నాడేమో, ఈ ష్ప్రింట్సా విందంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుందని, పొమ్మన్నాను. తలుపు వేశాను. ఆమె గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఉంటే ఆమె మాట చెల్లేది. నువ్వు ఈపాటికి పెళ్ళిబట్టలు కుట్టుకుంటూ ఉండేదానివి.

తర్వాత వెళ్ళి ఆమె కాళ్ళు పట్టుకున్నాను, నేనూ విన్నానని ఒక్కమాట చెప్పమని.

"పొమ్మంటివి, పోతిని," అంది. "నా నోరు మంచిది కాదనేగా తలుపేసుకున్నావు? ఇప్పుడు ఆ నోటితోనే దొంగ ప్రమాణం చేయమంటావా అక్కా? నేనలాంటిదాన్ని కాదు."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు.

ఆ తొడుగులాయన్ను ఆగవద్దని చెప్పు. మంచివాడంటున్నావు, మంచివాడు ఎదురుగా తిరుగుతుంటే నీకు ఇంకా కష్టం. ఆ బండివాళ్ళ పేర్లు దోబ్రిష్ చెప్పలేదు, నేను అడగలేదు. నువ్వు నన్ను తిట్టుకో, శపించుకో. కాలికి మాత్రం మందు రాసుకో.

ఇట్లు,
నువ్వు అమ్మా అని పిలిచినా ధర్మసభ ముందు వరస మారని
నీ అత్త గ్నెండెల్